కళ్ళుంటే కనబడదు

మా వదిన నోట “లేదు” అన్న మాట రాదు. పంచదార ఉందేమో చూసి రండి వదినా అని వంటింట్లోకి పంపిస్తే వెళ్తుంది, డబ్బాలన్నీ మూతలు తీసి చూస్తుంది, వెనక్కి వచ్చి, “కనబడలేదే” అంటుంది. “అంటే లేదా?” అని అడిగితే, “నేను చూసినంతలో కనబడలేదు” అంటుంది. ఉన్నది జానెడు వంటిల్లు, అందులో పంచదార ఎక్కడ దాక్కుంటుంది చెప్పండి! కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఇది నన్ను వెక్కిరించడమేమోనని లోపల్లోపల ఉడికిపోయేదాన్ని. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, ఇదొక రకం సాధింపేమో అనుకున్నాను.

తర్వాత తెలిసింది, ఆవిడ ఎవరితోనైనా అంతేనని. ఒకసారి మాటవరసకి, “దేవుడున్నాడంటారా వదినా?” అని అడిగాను. కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట మీంచి తలెత్తి, పంచదార గురించి చెప్పిన మొహంతోనే, “నాకైతే ఇంతవరకు కనబడలేదు” అంది. ఇక ఆవిడతో ఏం పోట్లాడతాం!

మా వదిన అంటే మా ఆయనకి అక్క. మాతోనే ఉంటుంది. అత్తగారు పోయేనాటికి మా ఆయన ఇంకా పాలపళ్ళు ఊడని పిల్లాడు. వాడికి తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చుంది, అన్నీ ఈవిడే. పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రాకపోలేదు, వచ్చినవాళ్ళు “అబ్బాయి నచ్చాడా అమ్మా?” అని అడిగితే “ఇప్పుడే చెప్పలేను” అందట. ఎప్పుడు చెప్తావు తల్లీ అంటే అదీ చెప్పలేదట. పెళ్ళివారు ఎంతకాలమని వీధరుగు మీద కూర్చుంటారు? వెళ్ళిపోయారు.

ఆవిడ పని రొయ్యపిల్లల్ని పరీక్ష చేయడం. చెరువుల్లో రొయ్యలు పెంచేవాళ్ళు, గుడ్లు పొదిగించే హేచరీ నుంచి పిల్లని తెచ్చుకుని వదిలేముందు, అందులోంచి కొంత ల్యాబ్‌కి పంపిస్తారు. తెల్లమచ్చ వైరస్ ఉందేమో చూడమంటారు. ఆ తెల్లమచ్చ వచ్చిందా, చెరువంతా కొద్ది రోజుల్లోనే తుడిచిపెట్టుకుపోతుంది. దానికి మందూ మాకూ ఏమీ లేవు. అందుకని పిల్ల దగ్గరే పట్టుకోవాలి. పట్టుకోవడానికి పిసిఆర్ అని ఒక పరీక్ష ఉంది. వైరస్ కంటికి కనిపించేది కాదు కాబట్టి, దాని ఆనవాలు ఏమాత్రం ఉన్నా మిషన్ దాన్ని రెట్టింపు చేస్తూ పోతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతుంది, చివరికి జెల్ పలక మీద లైటు వేస్తే గీతలా మెరిసేంత అవుతుంది. గీత వస్తే రోగం ఉంది. గీత రాకపోతే ఏమిటన్న దగ్గరే మా కొంప మునిగింది.

ల్యాబ్ అంటే పెద్ద అద్దాల మేడ ఊహించుకోకండి. మేత దుకాణం పైన రెండు గదులు. కింద మేత బస్తాల వాసన, పైన స్పిరిటు వాసన, మెట్ల మీద రెండూ కలిసి కడుపులో తిప్పేస్తాయి. మొదటి గదిలో పిల్లల్ని నలిపి గొట్టాల్లో మందులు కలుపుతారు. రెండో గదిలో మిషనూ జెల్ పలకా ఉంటాయి. ఈ గది తుంపర ఆ గదిలోకి పోకూడదని దేని చెప్పులు దానికే. మా వదిన ఆ ఆచారాన్ని ఇంటికి కూడా పట్టుకొచ్చింది. వంటింటికో జత, వరండాకో జత. ఒళ్ళు మండి ఒకరోజు రెండు జతలూ తారుమారు చేసి పెట్టాను. గుమ్మంలో నిలబడి పాపం ఎంతసేపు చూసిందో! నవ్వాపుకోలేక చివరికి నేనే చెప్పేశాను.

అంత పట్టింపు దేనికంటే, ఒకసారి నీళ్ళకి రోగం వచ్చింది. మీరు విన్నది నిజమే. ప్రతి పరీక్షలోనూ ఒక గొట్టంలో ఉత్త నీళ్ళు పెడతారు, అందులో గీత రాకూడదు. ఇంకో గొట్టంలో రోగం ఉందని ముందే తెలిసినది పెడతారు, అందులో రావాలి. ఒక వానాకాలం ఉత్త నీళ్ళలో గీత వచ్చింది. పాత పరీక్షల తుంపరేదో ఎక్కడో అంటుకుందన్నమాట. వదిన గోడలు కడిగింది, బల్లలు తుడిచింది, సీసాల్లో ఉన్నవన్నీ పారబోసి కొత్తవి తెప్పించింది. ఒక వారం పోయాక గీత రావడం దానంతటదే ఆగిపోయింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు, దేనివల్ల పోయిందో అంతకన్నా తెలియలేదు. “నీళ్ళకే తెల్లమచ్చ వస్తుంటే ఇంక రొయ్యలెందుకు వదినా, చెరువులో నీళ్ళే పెంచుకుందాం” అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

కానీ అసలు పనంతా కళ్ళ దగ్గర. రొయ్యపిల్ల అంటే ఎంతుంటుంది, మీసం వెంట్రుక తుంచితే ఎంత ముక్క వస్తుందో అంత. దాని కళ్ళు రెండు నల్లటి చుక్కలు. ఆ కళ్ళలో ఏదో పదార్థం ఉంటుందట, అది గొట్టంలో పడితే మిషన్ లోపల జరగాల్సిన పని జరగదు. రోగం నిండా ఉన్నా సరే, గీత రాదు. అందుకని పిల్ల కాస్త ఎదిగిందంటే చాలు, ఒక్కొక్కదాన్నీ తెల్లపళ్ళెంలో వేసి, భూతద్దం కింద పెట్టి, కళ్ళున్న చోటు బ్లేడు మొనతో కోసి పక్కన పడేయాలి. తర్వాతే మిగతాది నలపాలి.

ఇది మొదటిసారి విన్నప్పుడు, “అంటే కళ్ళుంటే కనబడదన్నమాట!” అన్నాను. మా వదిన ఎప్పుడోగాని నవ్వదు, ఆ మాటకి మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. ల్యాబ్‌లో కూడా చెప్పిందట. చీటికీ మాటికీ “కళ్ళుంటే కనబడదు మరి” అనడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. మా ఆయన ఎదురుగా ఉన్న చొక్కా కనబడక ఇల్లంతా వెతుకుతుంటే ఇద్దరం ఒకేసారి ఆ మాట అనేవాళ్ళం. ఆయన ఉడుక్కునేవాడు. పొద్దస్తమానం రొయ్యపిల్లల కళ్ళు తీసీ తీసీ ఆవిడ కళ్ళద్దాలు మాత్రం ఏటేటా మందమవుతూ వచ్చాయి.

రైతులు ఆవిడకి పెట్టిన పేరు కనబడలేదక్క. ల్యాబ్ ఇచ్చే కాగితంలో ఏవేవో ఉంటాయి, వాళ్ళు దాని మొహం చూడరు, వదిన మొహమే చూస్తారు.

“ఏంటక్కా, మా పిల్లలో లేదుగా?”

“కనబడలేదు బాబూ.”

“అదేలే, లేదనేగా?”

“కనబడలేదు.”

వాళ్ళు మెట్లు దిగుతూ ఫోనులో, “లేదంట్రా, దింపేయండి!” అని అరవడం ఆవిడకి పైనుంచి వినబడుతూనే ఉండేది.

ఇక మా చెరువు సంగతి. చెరువు మాది కాదు, కౌలుకి చేస్తున్నాం. మా ఆయనకి చెరువు తప్ప ఇంకోటి తెలియదు. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో మంచం, పక్కన చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల స్విచ్చుల పెట్టె, అదే ఆయన లోకం. నిద్రలో ఏరేటరు చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేస్తాడు, నేను పిలిస్తే మాత్రం లేవడు. అంతకుముందు రెండు పంటలు వరసగా దెబ్బతిన్నాయి, ఒకటి వానలకి, ఒకటి ఎందుకో తెలియకుండానే. చెరువు ఆసామి ఇంటికొచ్చి, కాఫీ తాగి, మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. ఈ పంట కూడా పోతే చెరువు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. అంటే ఈ గట్టూ ఈ షెడ్డూ ఇక ఉండవు. చేతనైన పని ఒక్కటే ఉన్న మనిషికి ఆ ఒక్కటీ పోతే ఏమవుతాడో నాకు తెలుసు. మా నాన్న అలా అయినవాడే. అందుకే ఆ సీజన్‌లో నాకు గుండె పీచుపీచుమంటూనే ఉండేది.

పిల్ల మంచి హేచరీదే తెచ్చాం. మా ఆయన స్వయంగా వెళ్ళి, తొట్టెల దగ్గర నిలబడి, చురుగ్గా ఎదురీదుతున్న పిల్లని చూసి ఎంచుకున్నాడు. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో కొంత పిల్లని ల్యాబ్‌కి ఇచ్చాడు. ఆ రోజు వదిన ఆ పని ఇంకెవరి చేతా ముట్టించలేదట. కళ్ళు ఒక్కొక్కటే తీసింది, తీసినవి లెక్కకి సరిపోయాయో లేదో మళ్ళీ చూసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మేమిద్దరం వరండాలోనే ఉన్నాం. చెప్పులు మార్చుకునేదాకా కూడా ఆగలేదు మా ఆయన.

“ఏమైందక్కా?”

“కనబడలేదురా.”

“అమ్మయ్య! లేదు కదా?”

“కనబడలేదు.”

“అక్కా, నేను ఉత్త రైతునైతే ఊళ్ళోవాళ్ళకి చెప్పినట్టు చెప్పినా సరే. నీ తమ్ముణ్ణి. ఉందా, లేదా?”

వదిన కూర్చుంది. ఓపిగ్గా చెప్పింది. “నువ్వు వదిలేది లక్షల్లో పిల్ల. నేను నలిపింది గుప్పెడు. ఆ గుప్పెట్లో నాకు కనబడలేదు.”

“అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసుకుతామా? ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ?”

“అన్నమంతా ఒకే మంట మీద ఉడుకుతుందిరా, అందుకని చాలు. రోగం బియ్యంలో రాయి లాంటిది. గుప్పెట్లో రాయి తగల్లేదంటే బస్తాలో లేదనా?”

“మరి మీకు పరీక్ష మందులమ్మే ఆ కిట్టు కంపెనీ అబ్బాయి ఏమాత్రం ఉన్నా పట్టేస్తుందన్నాడుగా? కంప్యూటర్లో కూడా సరిచూశామన్నాడుగా?”

“వాళ్ళు అక్కడ చూసినప్పుడు పట్టింది. ఇక్కడ ఎంత పడుతుందో నేనెలా కొలవను? లోపల ఎంత ఉందో ముందే తెలిస్తే కదా, ఎంత పట్టిందో తెలిసేది.”

మా ఆయనకి ఒళ్ళు మండింది. నాకూ మండింది, అబద్ధమెందుకు. మనిషి మునిగిపోతూ చెయ్యి చాపితే ఈవిడ నీటిలోతు గురించి చెప్తుందేమిటి అనిపించింది. ఆయన లేచి వరండా అంతా తిరిగాడు. తిరిగి తిరిగి వచ్చి, ఆవిడ ముందు నేల మీద చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఆవిడ మోకాళ్ళు పట్టుకున్నాడు.

“ఒక్కసారి లేదను అక్కా. నాకు నిద్ర పట్టట్లేదు. నువ్వు లేదంటే పడుకుంటాను.”

వదిన తమ్ముడి తల మీద చెయ్యి వేసింది. ఆయన జుట్టు సగం తెల్లబడింది, ఆవిడ మాత్రం పాలపళ్ళప్పటి తలే నిమిరినట్టు నిమిరింది.

“లేదు” అంది. “లేదురా నాన్నా. పో, పడుకో.”

నేను నా చెవులతో విన్నాను. పంచదారకి రానిది, దేవుడికి రానిది, ఆ రోజు వచ్చింది. మా ఆయన ఎంత హాయిగా పడుకున్నాడో చెప్పలేను. వదినే వరండాలో కూర్చుండిపోయింది.

పిల్ల వదిలాం. మొదట్లో అంతా చక్కగా సాగింది. మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దింపే చెక్ ట్రే పైకి లాగితే పెట్టిన మేతంతా తినేసి ఖాళీగా కనిపించేది. రొయ్యలు గాజులా నిగనిగలాడుతూ ఎగిరేవి. మా ఆయన ఈలలు వేసుకుంటూ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. నేను కూడా కాస్త ఒళ్ళు చేశాను. వదిన మాత్రం ఇంటికి రాగానే అడిగే మొదటి మాట, “ట్రేలో మేత మిగిలిందా?” అని. “మిగల్లేదు వదినా” అంటే, “ఒక్కటీ మిగల్లేదా?” అని మళ్ళీ అడిగేది. నాకు చిరాకేసేది. మన దిష్టే మనకి తగిలేలా ఉంది, ఊరుకోండి అనేదాన్ని.

ఒకరోజు ట్రేలో మేత మిగిలింది. మర్నాడు పొద్దున్న రొయ్యలు గట్టువారకి వచ్చి, నీళ్ళలో నీరసంగా పక్కకి వాలి ఈదుతున్నాయి. ఎక్కడినుంచి తెలిసిందో కాకులకి, తెల్లారకుండానే గట్టు మీద బారులు తీరాయి. మా ఆయన ఫోను చేస్తే వదిన ల్యాబ్ నుంచి అలాగే వచ్చేసింది. ఒక రొయ్యని పట్టి, తల మీద పెంకు గోటితో లేపి, ఎండకేసి పట్టుకుంది. పెంకు లోపల తెల్లటి చుక్కలు, సున్నం చిలకరించినట్టు. దానికి ల్యాబ్ అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు. నాకు కూడా కనబడింది.

వలలవాళ్ళని పిలిచి దొరికినంత పట్టేద్దామనుకున్నాం. వాళ్ళొచ్చేసరికే సగం అడుగున పడింది. అయిదో రోజుకి చెరువు వాసన మా వీధిదాకా వచ్చింది. మా ఆయన ఏరేటర్లు ఆపలేదు. లోపల ఒక్క రొయ్య లేకపోయినా అవి అలా నీళ్ళు చిమ్ముతూనే ఉంటే, నేనే వెళ్ళి స్విచ్చులు కట్టేసి వచ్చాను. ఆ చప్పుడు ఆగిపోయినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

పక్క చెరువు మా ఆయనకి వరసకి బాబాయిది, అది కూడా అదే వారం పోయింది. ఆ బాబాయి పరీక్ష చేయించలేదు, ఆయన చేయించడు, చేయించినా చేయించకపోయినా వచ్చేది వస్తుందంటాడు. రెండు చెరువులకీ కాలవ ఒక్కటే. మా ఆయన గట్టు మీద నిలబడి, “నీ చెరువులోంచే వచ్చింది నా చెరువులోకి” అన్నాడు. ఆయన ఊరుకుంటాడా? “నీ చెరువులోంచి నాకు రాలేదని ఎలా తెలుసురా?” అన్నాడు. ఇద్దరూ ఒకరి కష్టంలో ఒకరు నిలబడ్డ మనుషులు, ఆ రోజు తూము దగ్గర కొట్టుకునేదాకా వెళ్ళారు. “మా అక్క పిల్లని చూసింది. లేదంది. మా అక్క అబద్ధం చెప్పదు!” అని మా ఆయన అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది. వదిన అక్కడే ఉంది. తలెత్తలేదు.

ఆ మర్నాడు వదిన ల్యాబ్‌లో ఒక పని చేసింది. ప్రతి రైతూ పరీక్షకి తెచ్చిన రొయ్యపిల్లలోనూ కొంత స్పిరిట్లో వేసి ఫ్రీజర్లో ఉంచుతారు. మా పిల్లది బయటికి తీసింది. ల్యాబ్ ఓనరు, “అయిపోయిన పెళ్ళికి బాజాలెందుకమ్మా, వదిలెయ్యి” అన్నాడట. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఈవిడ వినలేదు. మళ్ళీ కళ్ళు తీసింది, మళ్ళీ నలిపింది, ఒకటికి పది గొట్టాలు పెట్టింది. తొమ్మిది గొట్టాల్లో ఏమీ రాలేదు. ఒక్కదాంట్లో మాత్రం గీత వచ్చినట్టు ఉంది. ఉందంటే ఉంది, లేదంటే లేదు. లైటు కింద తల అటు తిప్పితే కనబడుతుంది, ఇటు తిప్పితే కనబడదు. ఆ గొట్టంలోదే తీసి మళ్ళీ పెట్టింది. ఈసారి రాలేదు.

కిట్టు కంపెనీ అబ్బాయికి ఫోను చేసింది. వాడు బుద్ధిమంతుడే, దాటవేయలేదు. “అంత తక్కువ ఉన్నప్పుడు మీరు తీసిన చుక్కలో పడితే పడుతుంది, పడకపోతే పడదు మేడమ్” అన్నాడు.

“మరి ఏమాత్రం ఉన్నా పట్టుకుంటుందని మీ పుస్తకంలో రాశారు కదా బాబూ.”

“అది తప్పు లెక్క కాదు మేడమ్. మేం శుభ్రమైన నీళ్ళలో కలిపి కొలిచాం. మీ గొట్టంలో రొయ్య కూడా ఉంది కదా.”

“అయితే ఆ రోజు ఉండి కూడా నాకు కనబడలేదంటావా?”

“చెప్పలేను మేడమ్.”

“లేకనే కనబడలేదంటావా?”

“అదీ చెప్పలేను. సారీ మేడమ్.”

ఇదంతా వదిన నాకు వంటింట్లో చెప్పింది. చెప్తూ మధ్యలో ఆగి, “ఆ రోజు ఒక కన్ను మిగిలిపోయిందేమోనే” అంది. “లెక్క చూసుకున్నారు కదా వదినా” అన్నాను. “లెక్క చూశాననే గుర్తు. చూశానో, చూశాననుకున్నానో.” ఇలా ఎంతసేపో. పిల్లలోనే ఉందేమో, కాలవలో వచ్చిందేమో, పీతలు మోసుకొచ్చాయేమో, కాకులు నోట కరుచుకొచ్చి పడేశాయేమో. ఇన్ని ఏమోలు పెట్టుకుని మనిషి ఎలా బతకాలి? ఏదో ఒకటని తేలిపోతే తిట్టుకోవడానికైనా ఉంటుంది. ఎంత చించుకున్నా తేలదు, ఇక ఎప్పటికీ తేలదు. నాకు ఏడవాలో ఏదైనా పగలగొట్టాలో తెలియలేదు.

ఆ సాయంత్రమే తమ్ముడికి చెప్పింది.

“మళ్ళీ చూశానురా. ఒకదాంట్లో గీత వచ్చినట్టుంది.”

ఆయన అన్నం కలుపుతూ, “వచ్చినట్టుండడమేంటి?” అన్నాడు.

“వచ్చింది. మళ్ళీ పెడితే రాలేదు.”

“అయితే రాలేదు.”

“రాలేదని కాదురా...”

“నువ్వు లేదన్నావు కదక్కా. లేదంతే. వదిలెయ్.” అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ నమిలాడు. ఆ మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు.

వదిన నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. “వాణ్ణి నన్ను తిట్టమనవే. నీ మాట వింటాడు. ఒక్కసారి తిడితే నాకు ముద్ద దిగుతుంది.”

నా నోరు ఊరుకోదు కదా, నేనే తిట్టాను. “ఎందుకన్నారు వదినా ఆ మాట? పంచదారకి అనలేదు, పెళ్ళివారికి అనలేదు, దీనికే దొరికిందా మీకు? కనబడలేదని చెప్పి ఊరుకుంటే మీ సొమ్మేం పోయింది?” అని నోటికొచ్చినట్టు అన్నాను. అని, ఆవిడ మెడ పట్టుకుని ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమురుతూ నిలబడింది. నా తిట్లు ఆవిడకి సరిపోలేదు. ఆవిడకి కావలసింది తమ్ముడి నోటి తిట్టు, అది ఆ మనిషి చచ్చినా తిట్టడు.

ఆసామి అన్నంత పనీ చేసేవాడే. కానీ తెల్లమచ్చ వచ్చిన చెరువంటే తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అందుకని, మా అదృష్టమో ఖర్మమో, ఇంకొక్క పంటకి ఒప్పుకున్నాడు. ఇదే ఆఖరని గట్టు మీద నలుగురి ముందూ అన్నాడు. చెరువు ఎండగట్టాం, అడుగు నెర్రెలు విచ్చేదాకా. పీతల బొరియలు పూడ్చాం, సున్నం చల్లాం, కాకులు రాకుండా పైన తాళ్ళు కట్టాం. బాబాయి తన గట్టు మీంచి చూస్తూ ఉండేవాడు, మా ఆయన అటు చూసేవాడు కాదు.

కొత్త పిల్లని వదిన చూసింది. ఒక గుప్పెడు కాదు, ల్యాబ్ ఓనరు సణుగుతున్నా వినకుండా గుప్పెళ్ళ మీద గుప్పెళ్ళు. ఇంటికొచ్చి చెప్పులు మార్చుకుని, “కనబడలేదు” అంది. మా ఆయన “సరే” అన్నాడు. అంతే. ఈసారి ఏమీ అడగలేదు. గండం గడిచిందని నేను అనుకున్నాను.

పిల్ల వదిలేది తెల్లవారుజామున, చల్లటి వేళ. సంచులు చెరువు నీళ్ళ మీద తేలుతున్నాయి. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే చల్లదనానికి రావాలని కాసేపు అలా ఉంచుతారు. వదిన కూడా వచ్చింది. పిల్ల వదిలేటప్పుడు ఎప్పుడూ రాదు, ఆ రోజు వచ్చింది. మా ఆయన మోకాలి లోతు నీళ్ళలో దిగి మొదటి సంచి పట్టుకున్నాడు. మూతికి చుట్టిన రబ్బరుబ్యాండు మీద వేలు పెట్టి, తీయకుండా అలాగే నిలబడిపోయాడు. నాకు భయమేసింది.

“ఏమండీ?” అన్నాను.

ఆయన నాకేసి చూడలేదు. గట్టు మీదున్న అక్కకేసి చూశాడు.

“చెప్పక్కా.”

“ఏం చెప్పన్రా, చెప్పాను కదా, కనబడ...”

“అది కాదు. ఆ రోజు చెప్పినట్టు చెప్పు.”

వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. “నాకు తెలీదురా.”

“నీకు తెలీదని నాకు తెలుసక్కా. అప్పుడూ తెలీదని తెలుసు. అయినా చెప్పు. చెప్పకపోతే ఇది విప్పలేను.”

అప్పుడూ తెలుసట! ఇన్నాళ్ళూ ఈ మనిషి గోడకేసి చూస్తూ నమిలింది దీన్నా! వదిన నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. “లే” అన్నంతవరకు వచ్చిందేమో, మిగతాది రాలేదు. చెప్పలేకపోయింది, చెప్పకుండా ఉండలేకపోయింది, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నీళ్ళలో సంచి ఊగుతోంది, లోపల పిల్ల గిరగిరా తిరుగుతోంది. పక్కగట్టు మీద బాబాయి కూడా ఎప్పుడొచ్చాడో వచ్చి నిలబడ్డాడు. పొద్దెక్కుతోంది.

“లేదు!” అని అరిచాను నేను. “లేదు! నేను చెప్తున్నాను, లేదు! వదలండి!”

నాకేం తెలుసు? రొయ్యపిల్ల కన్ను ఎటువైపు ఉంటుందో కూడా సరిగ్గా తెలియనిదాన్ని. ఆయనకీ తెలుసు నాకు తెలియదని, వదినకీ తెలుసు. ఆయన నాకేసి ఒకసారి చూసి రబ్బరుబ్యాండు లాగేశాడు.

వదిన మెల్లిగా వచ్చి నా పక్కన కూర్చుని, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఇద్దరం నీళ్ళలోకి వంగి చూశాం. సంచిలో ఉన్నంతసేపు నల్లటి కళ్ళు చుక్కలు చుక్కలుగా కదులుతూ ఉన్నాయి. నీళ్ళలోకి జారగానే ఒక్కటి కూడా కనబడలేదు.